ముచ్చట పెట్టుడు గూడ ఒక కళనే.. అది పోతే ఊరే మూగబోతది

2025 సెప్టెంబర్ 29న హైదరాబాద్ సరూర్‌నగర్ స్టేడియంల 63 అడుగుల బతుకమ్మను పేర్చిన్రు. 1,354 మంది ఆడబిడ్డలు ఒక్కతీరుగ అడుగులేసుకుంట ఆడిన్రు. గిన్నిస్ బుక్కోళ్లు వచ్చి కొలిచి, లెక్కవెట్టి, రికార్డు అని కాయితం చేతులవెట్టిన్రు. అంతకుముందు 2016ల ఎల్బీ స్టేడియంల 9 వేలకు పైగా ఆడోళ్లతోని గసొంటి రికార్డే ఒకటి అయింది. అప్పుడొక సర్కారు, ఇప్పుడొక సర్కారు. కొలిచినవి మాత్రం అవే రెండు: ఎత్తు ఎంత, మంది ఎంత.

రికార్డు వచ్చుడు తప్పని అంటలేను. మన పండుగ పేరు దునియా అంతట వినవడితే ఎవలకు చేదు? కాకపోతే ఒక్కటి అడగాలె. బతుకమ్మల అసలు విలువైంది ఏదున్నదో, అది గిన్నిస్ టేపుకు అందుతదా?

బతుకమ్మ అంటే పూలకుప్ప ఒక్కటే కాదు. తంగేడు, గునుగు కోసం పోరగాండ్లు గట్ల పొంటి తిరుగుడుతోని పండుగ మొదలైతది. పగటీలి వాకిట్ల నలుగురు ఆడోళ్లు సుట్టు కూసుండి పేర్చుతుంటే, పూలతోని పాటు ముచ్చట్లు గూడ వరుసవెట్టి పేరుస్తరు. ఎవల బిడ్డ అత్తగారింటికెళ్లి వచ్చింది, ఎవల బిడ్డను పంపలేదు, ఎందుకు పంపలేదు, ఎవల ఇంట్ల పెయి బాగలేదు, ఎవల మిరపతోటకు తెగులు తాకింది. మాపటికి ఆటకాడ ఒకామె పాట చెప్తది, మిగిలినోళ్లు అందుకుంటరు. చెప్పే ఆమె యాది మరిస్తె పక్కామె ఎత్తుకుంటది. గొంతు బాగలేని ఆమెను ఎవ్వలూ పక్కకు జరుగుమనరు. స్టేజీ లేదు, టికెట్ లేదు, చూసెటోళ్లు వేరే, ఆడెటోళ్లు వేరే అన్నది లేదు. ఆఖరుకు తెచ్చిన సద్ది ఒకలకొకలు పంచుకొని ఇంటికి పోతరు.

నా లెక్కల గీ తొమ్మిది రోజుల పండుగల పూలు సగం, ముచ్చట సగం. పూల సగాన్ని సర్కారు కొలిచింది. ముచ్చట సగం మన కండ్ల ముందే కరిగిపోతున్నది. గందుకే గీ రాత.

ముచ్చట అన్న మాటల్నే ఉన్నది

మన దిక్కు ముచ్చట అంటే మాట్లాడుకునుడు. "ఏం ముచ్చట?" అంటే ఏం సంగతి అని. "ముచ్చటగ ఉన్నది" అంటే అందంగ ఉన్నదని. "ముచ్చట తీరింది" అంటే మనసుల ఉన్న కోరిక నెరవేరిందని. మాట, అందం, కోరిక.. మూడింటికి ఒక్కటే మాట పెట్టుకున్నరు మనోళ్లు. చదువుకున్న పండితుడు ఎవలో కూసుండి చేసిన పని కాదిది. కైకిలి చేసుకుంట, బర్లు కాసుకుంట, చాట చెరుగుకుంట మాట్లాడుకున్న జనం చేసిన పని. ఇద్దరు మనుషులు మనసిప్పి మాట్లాడుకుంటే అందులో ఒక అందం ఉంటదని వాళ్లకు తెలుసు.

మన వరంగల్ కాళోజీ తన కవితలకు పెట్టుకున్న పేరు చూడుండ్రి: 'నా గొడవ'. ఉపన్యాసం అనలే, కావ్యం అనలే. నలుగురిల కూసుండి చెప్పుకునే గొడవ అన్నడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. దండలేసి ఫొటోలు దిగుతున్నం. ఆ భాషల కూసుండి మాట్లాడుకునే జాగలు మాత్రం ఒక్కొక్కటే పోగొట్టుకుంటున్నం.

న్యూయార్కుల చేస్తే ఆర్టు.. మనం చేస్తే?

బయటి దేశాలల్ల భాగస్వామ్య కళ అని ఒకటున్నది. బొమ్మ గీసి గోడకు తగిలిచ్చుడు కాదు. వచ్చినోళ్లు గూడ కలిసి చేస్తేనే అది పూర్తయితది. రెండు ముచ్చట్లు చెప్త.

1987 మే 10. అమెరికాల మినియాపొలిస్ అనే పట్నం. అక్కడోళ్లకు అది అమ్మల దినం. సుజాన్ లేసీ అనే కళాకారిణి 60 ఏండ్లు దాటిన 430 మంది ఆడోళ్లను ఒక పెద్ద హాలుల బల్లల సుట్టు కూసోవెట్టింది. వాళ్లు చేసిన పనేంది? మాట్లాడుకున్నరు. ముసలితనం గురించి, చేసిన పనుల గురించి, మిగిలిన ఆశల గురించి. మీదికెళ్లి చూస్తే ఆ బల్లలన్ని కలిసి ఒక పెద్ద బొంత లెక్క కనవడేటట్టు పెట్టింది. దానికి 'క్రిస్టల్ క్విల్ట్' అని పేరు. ముసలోళ్లయిన ఆడోళ్లను సమాజం లెక్కచేయదు, వాళ్ల మాట ఎవ్వలు వినరు, గందుకే వాళ్ల ముచ్చటనే కళగ చూపెట్టిన అన్నది ఆమె ఉద్దేశం.

1992ల న్యూయార్కుల రిర్‌క్రిట్ తిరవానిజ అనే థాయ్ కళాకారుడు ఒక ఆర్ట్ గ్యాలరీల బొమ్మలు పెట్టలే. పొయ్యి పెట్టిండు. అన్నం, కూర వండి వచ్చినోళ్లకు ఉత్తగనే పెట్టిండు. తెలియనోళ్లు ఒక్కకాడ కూసుండి తినుకుంట మాట్లాడుకున్నరు. తిండి, మాట, కలుసుకునుడు.. ఇదే నా కళ అన్నడు. గిప్పటికి గూడ ఆర్టు చదివే పిల్లలకు గా ముచ్చట పాఠంగ చెప్తరు.

ఇగ మన ముచ్చట. 2011ల తెలంగాణ ఉద్యమంల వంటావార్పు యాదున్నదా? ఇప్పుడు ఇరవై ఏండ్లున్నోళ్లు అప్పుడు చిన్నపిల్లలు. మీ అవ్వను, నాయినను అడుగుండ్రి. తొవ్వల నడిమిట్ల పొయ్యిలు పెట్టిన్రు. ఇంటింటికెళ్లి బియ్యం, కట్టెలు, కూరగాయలు వచ్చినయ్. లెక్చరరు, లారీ డ్రైవరు, వకీలు, కైకిలామె ఒక్క బంతిల కూసుండి తిన్నరు. తిన్నంక పాట, పాట అయినంక ముచ్చట. అదే ఏడు సెప్టెంబర్ 13 నుంచి సకలజనుల సమ్మె 42 రోజులు నడిచిందంటే, ఒట్టి లీడర్ల పిలుపుతోని నడవలే. ఊరూర గిట్ల కూసుండి మాట్లాడుకున్నందుకే నడిచింది. న్యూయార్కుల ఒక గదిల చేస్తే అది కళ అయింది. మనం రాష్ట్రం మొత్తం చేసినం, కేసులు గూడ పెట్టిచ్చుకున్నం. ఎవ్వలు కళ అనకపోయినా అది కళనే. ఎందుకంటే అది మనుషులను మార్చింది, మార్చి రాష్ట్రాన్నే తెచ్చింది.

వంత లేకుంటె కథ లేదు

ఇది మనకు ఉద్యమంతోనే వచ్చింది గూడ కాదు. ఒగ్గుకథ చూడుండ్రి. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పెటప్పుడు ఒక్కడే చెప్పుకుంట పోడు. వంతదారు ఉంటడు. ప్రధాన కథకుడు ఒక మాటంటే వంతదారు అడ్డం తిరిగి అడుగుతడు. "అయితేంది?" అంటడు, "గట్లెట్ల?" అంటడు, నవ్విస్తడు, కథను ఆపి ఊరి ముచ్చట లాగుతడు. వినేటోళ్లల్లకెళ్లి ఎవరో ఒక మాట విసిరితే కథకుడు దాన్ని గూడ కథల కలుపుకుంటడు. గందుకే ఒక్క కథనే పది ఊర్లల్ల చెప్తే పదితీర్ల ఉంటది. జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య గీ కథను ఊరి పట్నాలకాడికెళ్లి ఢిల్లీ దాక తీసుకపోయిండు. 2017ల ఆయన పోయిండు. ఆయన గొప్పతనం గొంతుల ఎంత ఉన్నదో, ఎదుటోళ్ల మాటను అందుకునుడుల గూడ అంతే ఉన్నది.

వంతదారు పని ఏంది? ఊకొట్టుడు ఒక్కటే కాదు, అడుగుడు. అడిగెటోడు లేకుంటె కథ ముందుకు పోదు. గీ మాట మనసుల పెట్టుకోండ్రి, కింద గ్రామసభ ముచ్చటల పనికొస్తది.

అరుగు అందరిది కాకుండె

ఇక్కడ ఒకటి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలె. "పాత రోజుల్ల అరుగుల మీద ఎంత కమ్మగ ముచ్చట్లు పెట్టుకునేటోళ్లు" అని కొంతమంది రాస్తుంటరు. ఎవలు పెట్టుకునేటోళ్లు? దొర గడికాడ మాదిగాయన కూసుండి మాట్లాడిండా? రచ్చబండ మీదికి ఆడామె ఎక్కిందా? చాన ఊర్లల్ల బతుకమ్మ గూడ వాడకొకటి, కులానికొకటి. కొందరు అరుగు మీద, కొందరు కింద, కొందరు దూరం నిలవడి. మాట అందరికి సమానంగ పంచలే. గా అరుగును అట్లనే మళ్ల తెచ్చుకుందమంటే నేను ఒప్పుకోను.

కొత్త అరుగు ఎట్లుండాలెనో చూడాలంటే జహీరాబాద్ దిక్కు పోవాలె. పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉన్నది. దాంట్ల ఊరూర సంఘాలు కట్టుకున్న ఆడోళ్లల్ల చానమంది దళితులు, చిన్న చిన్న చెలకలున్నోళ్లు. 2008 అక్టోబర్‌ల వాళ్లు మాచునూరుల 'సంఘం రేడియో' మొదలుపెట్టిన్రు. దేశంల ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంల నడిచిన మొట్టమొదటి కమ్యూనిటీ రేడియో అదే. నడిపింది ఎవలు? పట్నంల చదువుకున్న యాంకర్లు కాదు, గా ఊర్ల దళిత ఆడబిడ్డలే. జొన్నలు, కొర్రలు, విత్తనం దాచుకునుడు, చిన్నపిల్లల రోగాలు, పండుగ పాటలు.. అన్ని వాళ్ల యాసలనే. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర చేస్తరు. ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు, ప్రతి ఊర్ల కూసుండి ఏ పంట ఎందుకు పోయింది, ఏది మళ్ల తేవాలె అని మాట్లాడుకుంటరు. ఒకప్పుడు అరుగు కింద నిలవడ్డోళ్లు ఇయ్యాల మైకు పట్టుకున్నరు. ముచ్చట అంటే గిట్లుండాలె.

ఇప్పుడు కూసునే జాగ ఏది?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ.. "అంత ఫోన్ చేసింది" అని మీ మీద నింద వేసుడు నాకు ఇష్టం లేదు. ఫోన్ ఒక్కటే కాదు. నాట్లకు ఊరి ఆడోళ్ల గుంపులు పోతుంటే పాట ఉండె. ఇప్పుడు చానకాడ బీహార్, బెంగాల్ కెళ్లి వచ్చిన ముఠాలు గుత్తకు నాటేస్తున్నయ్. వాళ్ల పొట్టకూడు వాళ్లది, వాళ్లను అనేదేం లేదు. కోతకు హార్వెస్టర్ వచ్చింది. బావికాడికి పోయే పని నల్లా వచ్చి తప్పిచ్చింది, అది మంచిదే. పనులు మారినయ్, పనితోని వచ్చే ముచ్చట పోయింది. దాని బదులు ఇంకోటి మనం పెట్టుకోలే. బతుకమ్మకాడ డీజే వచ్చింది. డీజే పెడితే ఎవలు పాట చెప్పక్కర్లే, ఎవలు అందుకోనక్కర్లే. పాట తెలిసిన ముసలవ్వ ఒక పక్కకు కూసుండి చూస్తది. నిన్నటిదాక పాట చెప్పిన ఆమె ఇయ్యాల చూసెటోళ్లల్ల చేరింది.

వాట్సప్ గ్రూపు ఉన్నది గదా అంటరు. ఉన్నది. పొద్దుగాల గుడ్ మార్నింగ్, పగటీలి పార్టీల కొట్లాట, రాత్రికి ఒకల్ని గ్రూపులకెళ్లి తీసేసుడు. మనిషి మొఖం చూసుకుంట మాట్లాడితే సగం కొట్లాటలు కావు. పొద్దుమూకినంక ఊర్ల మగోళ్లు గుంపుగ కూసుండే జాగ ఏదన్నా మిగిలిందంటే, చానకాడ అది బెల్టుషాపు ఒక్కటే. ఆడోళ్లకు గదీ లేదు. ఊరి నడిమిట్ల మనసిప్పి మాట్లాడుకునే జాగను సీసాకు అప్పజెప్పినం. ఇది చిన్న ముచ్చట కాదు.

మాట లేకుంటె పానం మీదికొస్తది

నర్సంపేట దిక్కు మిరప అంటే ఏందో కొత్తగ చెప్పేదేం లేదు. దుగ్గొండి, చెన్నారావుపేట, నల్లబెల్లి, ఖానాపూర్, నెక్కొండ.. కల్లాలు ఎర్రగుంటేనే ఇంట్ల ఎలుగు. 2021–22ల ఏమైంది? నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం పీల్చింది. మందు మీద మందు కొట్టినా ఆగలే. 2022 జనవరిల రాళ్లవాన వడి మిగిలింది గూడ నేలపాలైంది. 2020 నుంచి రాష్ట్రంల పంటల బీమా పథకం ఆగిపోయి ఉండె. కౌలురైతుకు రైతుబంధు లేదు. ఆ ఏడు వరంగల్, మానుకోట దిక్కు మిరప రైతుల చావుల వార్తలు పేపర్ల రోజూ చదివినం.

ఇక్కడ మాట తప్పొద్దు. రైతు చచ్చిపోయేది ముచ్చట పెట్టెటోళ్లు లేక కాదు, అప్పుతోని. ధర రావాలె, నష్టపరిహారం రావాలె, కౌలు కార్డు రావాలె. మంచిమాటలు చెప్పి సర్కారు తప్పిచ్చుకుంటే ఊరుకునేది లేదు. కాని అదే అప్పు ఉన్న ఇద్దరిల ఒకాయన బతికి కొట్లాడుతడు, ఇంకొకాయన మందుడబ్బా పట్టుకుంటడు. నడుమ తేడా చానసార్లు ఒక మనిషి, ఒక మాట. "నాకొక్కనికే గిట్లయింది" అని అనుకునేటోడు సిగ్గుపడతడు. "మనందరికి గిట్లయింది" అని తెలిసినోడు తాసీల్ ఆఫీసు ముందర కూసుంటడు. సిగ్గును కొట్లాటగ మార్చేది ముచ్చటనే.

ఆఫ్రికాల జింబాబ్వే అనే దేశం ఉన్నది. మొత్తం దేశానికి మానసిక డాక్టర్లు పట్టుమని పదిహేనుమంది లేని కాలం. 2006ల డిక్సన్ చిబాండా అనే డాక్టర్ హరారేల 14 మంది ముసలవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖాన బయట చెట్టు కింద చెక్కబెంచీల మీద కూసోవెట్టిండు. దానికి 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' అని పేరు. మనసు బాగలేనోళ్లు వచ్చి అవ్వతోని గోస చెప్పుకుంటరు. అక్కడి భాషల గా రోగాన్ని "ఎక్కువ ఆలోచన" అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తరు. మన అవ్వలు "బుగులు వట్టుకున్నది" అన్నట్టు. 2016ల పెద్ద వైద్య పత్రికల దాని ఫలితం అచ్చయింది. బెంచీ మీద మాట్లాడినోళ్ల బాధ మామూలు వైద్యం అందినోళ్లకంటే చాన తగ్గిందని తేలింది. అవ్వ, చెట్టు, బెంచీ.. మూడూ మన ఊర్ల ఉన్నయ్. కూసునుడు ఒక్కటే లేదు.

మీ దోస్తు, మీ చిన్నాయిన ఎవలన్న మాట తగ్గిచ్చి, మనుషులల్ల కలువకుంట తిరుగుతుంటే పోయి కూసుండ్రి. సలహా ఇయ్యకుండ్రి, ముందు వినుండ్రి. అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ అని సర్కారు పెట్టిన నంబరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు.

గ్రామసభల వంత ఎవలు?

ఇప్పుడు అసలుకాడికి వద్దం. రాజ్యాంగం ఊరికి ఇచ్చిన పెద్ద ముచ్చట జాగ గ్రామసభ. 73వ సవరణతోని 1993ల వచ్చింది. ఓటరు లిస్టుల ఉన్న ప్రతి ఒక్కరు అందులో సభ్యులే. 2018 పంచాయతిరాజ్ చట్టం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలె అన్నది. జరుగుతున్నది ఏంది? ఒకాయన కాయితం చదువుతడు, నలుగురు సంతకం పెడతరు, ఫొటో దిగుతరు, అయిపాయె.

2025 జనవరి 21 నుంచి 24 దాక రాష్ట్రమంత గ్రామసభలు పెట్టిన్రు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇండ్లు, రైతు భరోసా, ఆత్మీయ భరోసా లిస్టులు చదివిన్రు. చాన ఊర్లల్ల "మా పేరేది?" అని జనం తిరగవడ్డరు. పేపర్లు దాన్ని లొల్లి అని రాసినయ్. నేను లొల్లి అనను. ఏండ్లకేండ్లు ఊకొట్టిన వంతదారు మొదటిసారి "గట్లెట్ల?" అని అడిగిండు. కథ అక్కన్నే మొదలు కావాలె. అక్కన్నే ఆపేసిన్రు.

సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది. ఎన్నికలు 2025 డిసెంబర్ 11, 14, 17 తారీఖులల్ల మూడు విడతలుగ అయినయ్. నడుమ దగ్గరదగ్గర రెండేండ్లు ఊర్లను స్పెషల్ ఆఫీసర్లే నడిపిన్రు. ఇప్పుడు 12 వేలకు పైగా ఊర్లల్ల కొత్త సర్పంచులున్నరు. మీ ఊరి సర్పంచ్ మీ పార్టీ అయినా, కాకపోయినా, రెండు నెలలకొకసారి గ్రామసభ అడుగుడు మీ హక్కు.

ఏం చేద్దం?

పైసలు ఖర్సు కాని నాలుగు పనులు చెప్త.

ఒకటి, వచ్చే గ్రామసభకు పదిమంది యువకులు పోండ్రి. మీరే మైకు గుంజుకోకుండ్రి. కైకిలి చేసే ఆడోళ్లను, దళితవాడ పెద్దలను, కౌలురైతులను తీసుకపోండ్రి. "లిస్టు చదివే ముందు అర్ధగంట జనం మాట్లాడాలె" అని పట్టుబట్టుండ్రి. వాళ్లు అన్నది అన్నట్టు మినిట్స్ బుక్కుల రాయించుండ్రి. రాయని మాట ఎవలకు గుర్తుండదు.

రెండు, వారానికి ఒక్క మాపు. బొడ్రాయికాడనో, బడి అరుగు మీదనో, చెట్టు కిందనో. ఫోన్లు జేబుల. అందరు ఒక్క ఎత్తుల కూసుండాలె, కులం చూసి కుర్చీ వేసుడు ఉండొద్దు. ఆడోళ్లు రాగలిగే యాళ్లకు పెట్టుండ్రి. ఒక్క ముచ్చట పట్టుకోండ్రి: విత్తనమా, మిరప ధరనా, బెల్టుషాపా, బడి టీచరా.

మూడు, వచ్చే బతుకమ్మకు రోజుకు ఒక గంట డీజే బందు. ఆ గంట ముసలవ్వలు పాట చెప్పాలె, మిగిలినోళ్లు అందుకోవాలె. వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేయుండ్రి. మీ చేతుల ఉన్న ఫోన్ గప్పుడు అక్కరకొస్తది. ఒక్క అవ్వ పోతే నలభై పాటలు పోతయ్.

నాలుగు, సర్కారుకు ఒక మాట. స్టేడియంల కట్టే బతుకమ్మ ఖర్సుల కొంత తీసి ఊరికొక అరుగు కట్టుండ్రి. నీడ, దీపం, తాగే నీళ్లు, ఆడోళ్లకు అనువైన జాగ. దానికి రికార్డు రాకపోతే రాకపాయె.

గీ నాలుగింటిల ఏ ఒక్కటి మొదలుపెట్టినా మొదటి వారం ఐదుగురే వస్తరు. నవ్వెటోళ్లు నవ్వుతరు. ఐదుగురు చాలు. ఒగ్గుకథ దళం గూడ కొద్దిమందితోనే నడుస్తది.